విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని నడపడం: మొదటి లెక్క నుంచి చార్జి అప్పగింత దాకా

నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు, ఒక పరిశోధక విద్యార్థిని శాసనాల సంపుటి కోసం మూడు రోజులు మా కౌంటర్ చుట్టూ తిరిగింది. పుస్తకం ఉంది. అద్దాల బీరువాలో కనిపిస్తూనే ఉంది. తాళంచెవి మాత్రం సెలవులో ఉన్న ఉద్యోగి దగ్గర ఉంది. నాలుగో రోజు ఆయన వచ్చి బీరువా తెరిచాక చూస్తే, పుస్తకం వెనక అంటించిన తేదీ చీటీలో చివరి ముద్ర పదకొండేళ్ల కిందటిది. ఆయన చెడ్డవాడు కాదు. ఆ పుస్తకం పోతే తన పింఛను ఆగిపోతుందని నిజంగానే భయపడ్డాడు.

ఆ భయం ఆయన ఒక్కడిదే కాదు. పోయిన పుస్తకానికి ఎవరు జవాబు చెప్పాలో, ఎంతవరకు చెప్పాలో తేల్చే కాగితం లేని చోట ప్రతి ఉద్యోగీ తాళం వైపే మొగ్గుతాడు. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రచురించిన అయిదు సూత్రాల్లో మొదటిది, పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికే అని. తరగతిలో అందరం చదివాం. ఆఫీసు ఫైల్లో దాన్ని ఎలా అమలు చేయాలో మాత్రం ఉద్యోగంలో పడ్డాకే నేర్చుకున్నాం. తెలుగు నేల మీద ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఇష్యూ కౌంటర్ నుంచి గ్రంథాలయాధికారి గది దాకా అన్ని బల్లల దగ్గరా కూర్చున్నదాన్ని. కొత్తగా బాధ్యత తీసుకునేవారికి పనికొస్తుందని, ఏ పని తర్వాత ఏ పని చేయాలో వరుసగా రాస్తున్నాను.

మొదటి అడుగు: పదిహేను రోజుల లెక్క

కుర్చీలో కూర్చున్న వెంటనే కొత్త పథకాలు ప్రకటించకండి. పదిహేను రోజులు లెక్కపెట్టండి. వచ్చిన ప్రతి పుస్తకాన్నీ వరుస నంబరుతో నమోదు చేసే యాక్సెషన్ రిజిస్టర్‌లో చివరి నంబరు ఎంత, సాఫ్ట్‌వేర్‌లో రికార్డులు ఎన్ని, రెండింటికీ తేడా ఎంత? ఈ తేడాయే మీ గ్రంథాలయం మీకు చెప్పే మొదటి నిజం. చాలా చోట్ల రిజిస్టర్‌లో ఉన్న పాత పుస్తకాలు కంప్యూటర్‌లోకి ఎక్కలేదు. విద్యార్థి కంప్యూటర్‌లో వెతికి, లేదనుకుని వెళ్లిపోతాడు. ఆ పుస్తకం నాలుగు అడుగుల దూరంలో ఉంటుంది.

తర్వాత కుర్చీలు. ఉదయం పది, మధ్యాహ్నం పన్నెండున్నర, సాయంత్రం నాలుగు, రాత్రి ఎనిమిది గంటలకు పఠన మందిరంలో ఎంతమంది ఉన్నారో ఎవరో ఒకరు నడిచి లెక్కపెట్టాలి. గేటు రిజిస్టర్ సంతకాలను నమ్ముకుంటే పని జరగదు, గుంపుగా వచ్చినవారిలో ఒకరే సంతకం చేస్తారు. పనిచేసే ప్లగ్ పాయింట్లు, తిరగని ఫ్యాన్లు, వెలగని దీపాలు కూడా అదే నోట్‌బుక్‌లో రాయండి.

మూడోది వాడకం. మూసే వేళకు బల్లల మీద మిగిలిన పుస్తకాలను ర్యాకుల్లో సర్దేముందు విషయాలవారీగా లెక్కించండి. ఇంటికి ఇచ్చిన పుస్తకాల లెక్క కంప్యూటర్ ఇస్తుంది, ఇక్కడే కూర్చుని చదివిన లెక్క మనమే పట్టుకోవాలి. ఈ చిన్న పని ఎందుకంత ముఖ్యమో ఎనిమిదో అడుగులో చెబుతాను. ఇప్పటికి నా మాట నమ్మి మొదలుపెట్టండి.

చివరగా మనుషులు. మంజూరైన పోస్టులు ఎన్ని, పనిచేస్తున్నవారు ఎందరు, ఔట్‌సోర్సింగ్ మీద ఉన్నది ఎవరు, వచ్చే మూడేళ్లలో పదవీ విరమణ చేసేది ఎవరు. పాత పత్రికల బైండింగుల్లో ఏ సంపుటి ఎక్కడుందో ఒక్కరికే తెలిసి, ఆయన వచ్చే జూన్‌లో వెళ్లిపోతుంటే, ఈరోజే ఒక కుర్రవాడిని ఆయన పక్కన కూర్చోబెట్టండి.

రెండో అడుగు: ఏడాదిని మార్చి నుంచి వెనక్కి అమర్చడం

గ్రంథాలయం ఒకేసారి మూడు క్యాలెండర్ల మీద నడుస్తుంది. డబ్బుది ఏప్రిల్ నుంచి మార్చి, చదువుది ప్రవేశాల నుంచి పరీక్షల దాకా, పత్రికల చందాలది జనవరి నుంచి డిసెంబరు. వీటికి తోడు మన దగ్గర నాలుగోది ఉంది, ఉద్యోగ నోటిఫికేషన్ల క్యాలెండర్. అది ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. వచ్చిన వారంలో పఠన మందిరం నిండిపోతుంది.

ఒక మార్చి నాకు బాగా గుర్తుంది. పుస్తకాల గ్రాంటు నెలాఖరులో విడుదలైంది. నాలుగు రోజుల్లో ఖర్చు చేయకపోతే వెనక్కి పోతుంది. విభాగాలను అడిగే వ్యవధి లేక, పంపిణీదారు గోదాములో ఏముంటే అవి తెప్పించాం. అట్టపెట్టెలు మెట్ల కింద పెట్టి బిల్లులు పంపాం. జూలై వానలకు అడుగు వరుస పెట్టెలు చెమ్మ పట్టాయి. తెరిచి చూస్తే, రద్దయిన సిలబస్‌కు రాసిన ఒకే పుస్తకం పన్నెండు ప్రతులు. ఆ ఏడు భౌతికశాస్త్ర విభాగం అడిగిన ఒక్క పుస్తకమూ కొనలేకపోయాం. ఆ పెట్టెల ముందు నిలబడి పడిన సిగ్గు నన్ను మళ్లీ అలా చేయనివ్వలేదు.

అందుకే మార్చిని కొనుగోలు నెలగా లెక్కలోంచి తీసేయండి. మార్చిలో ఖాతాల సరిపోలిక, గ్రాంటు ఖర్చయిందని తెలిపే యుటిలైజేషన్ సర్టిఫికెట్లు మాత్రమే ఉండాలి. అంటే బిల్లులన్నీ ఫిబ్రవరి రెండో వారానికి ఆర్థిక విభాగానికి చేరాలి. అందుకు పుస్తకాలు జనవరికి రావాలి, ఆర్డర్లు అక్టోబరు, నవంబరులో వెళ్లాలి, విభాగాల ఇండెంట్లు, అంటే తమకు కావాల్సిన పుస్తకాల జాబితాలు, ఆగస్టు చివరికి అందాలి. ఇండెంటు పత్రాలు జూలైలో తరగతులు మొదలయ్యే వారంలోనే పంపండి. పత్రికల చందాలు జనవరికి తెగిపోకుండా ఉండాలంటే సెప్టెంబరులోనే నిర్ణయం జరగాలి. డబ్బు ఆలస్యంగా వస్తే అన్న ప్రశ్న ఉంటుంది, తప్పకుండా వస్తుంది కూడా. దానికి మందు ఒకటే: కమిటీ ఆమోదం పొందిన, ధరలు సరిచూసిన జాబితా ఎప్పుడూ చేతిలో సిద్ధంగా ఉండాలి. డబ్బు మార్చిలో దిగినా ఆ జాబితాలోంచి పైనుంచి కిందికి కొనుక్కుంటూ పోవచ్చు.

మూడో అడుగు: కమిటీతో తీర్మానాలు రాయించడం

గ్రంథాలయ కమిటీ ఏడాదికి ఒకసారి టీ తాగి విడిపోయే చోట గ్రంథాలయాధికారి ఒంటరి. కనీసం మూడు సమావేశాలు పెట్టండి: జూలైలో కేటాయింపులకు, అక్టోబరులో ఆర్డర్లకు, ఫిబ్రవరిలో లెక్కలకు. విద్యార్థి ప్రతినిధి ఒకరు ఉండేట్టు చూడండి, ఫ్యాన్ల సంగతి ఆచార్యులకు తెలియదు.

విభాగాలకు డబ్బు పంచేటప్పుడు సమానంగా పంచితే గొడవ ఉండదు, న్యాయమూ ఉండదు. విద్యార్థుల సంఖ్య, పరిశోధకుల సంఖ్య, ఆ విషయంలో పుస్తకాల సగటు ధర, కిందటి ఏడాది వాడకం, ఈ నాలుగింటికీ బరువు ఇచ్చి పంచండి. కొంత భాగాన్ని ఏ విభాగానికీ చెందకుండా గ్రంథాలయం చేతిలోనే ఉంచండి. నిఘంటువులు, తెలుగు సాహిత్యం, పోటీ పరీక్షల పుస్తకాలు, విద్యార్థులు సూచన పెట్టెలో రాసినవి కొనడానికి అదే ఆధారం.

కమిటీ నుంచి పాలక మండలికి వెళ్లాల్సిన తీర్మానాలు నాలుగు ఉన్నాయి: కొనుగోలు విధానం, అరువు నియమాలు, పాత పుస్తకాల తొలగింపు, పోయిన పుస్తకాల రద్దు. ఈ నాలుగూ పాలక మండలి ఆమోదంతో ఫైల్లో ఉంటే మీ సిబ్బంది నిద్రపోగలరు. మాటల్లో వచ్చిన అనుమతికి ఆడిట్ రోజున విలువ ఉండదు.

నాలుగో అడుగు: డబ్బు, ఎలక్ట్రానిక్ పత్రికలు

పుస్తకాలు కొనడానికి యూజీసీ (విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం) ప్రణాళికా నిధులు పన్నెండో పంచవర్ష ప్రణాళికతో, 2017లో ఆగాయి. అప్పటి నుంచి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పుస్తకాల పద్దు సొంత వనరుల మీద, విద్యార్థుల గ్రంథాలయ రుసుము మీద ఎక్కువగా ఆధారపడుతోంది. ఆ రుసుము సాధారణ ఖాతాలో కలిసిపోకుండా ప్రత్యేక పద్దుగా ఉంచమని రాతపూర్వకంగా అడగండి. విద్యార్థి ఏ పేరుతో కట్టాడో ఆ పనికే ఖర్చు కావడం అతని హక్కు.

పత్రికల విషయంలో పరిస్థితి మారింది. ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకానికి కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదం తెలిపింది. 2025 నుంచి మూడేళ్లకు రూ.6,000 కోట్లు. 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థల పత్రికలు, దాదాపు 13,000, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఆధీనంలోని 6,300కు పైగా విద్యా, పరిశోధన సంస్థలకు అందుతాయి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్, విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలిపే యూజీసీ కేంద్రం, దీన్ని సమన్వయం చేస్తుంది. మీరు చేయాల్సింది, మీ చందాల జాబితాను ఆ జాబితాతో వరుసవారీగా సరిపోల్చడం. రెండు చోట్లా ఉన్న పత్రికకు మళ్లీ డబ్బు కట్టకండి. మిగిలిన సొమ్ముతో ఆ పథకంలోకి రానివి, ముఖ్యంగా భారతీయ భాషల పత్రికలు, సాంఘిక శాస్త్రాల్లో చిన్న పత్రికలు తెప్పించండి.

అందుబాటులో ఉండటం వేరు, చదవడం వేరు. ప్రతి విభాగానికీ వెళ్లి, ఒక పరిశోధకుడి అంశాన్నే తీసుకుని, ఆయన కళ్ల ముందే వెతికి చూపించండి. నలభై మందికి ఇచ్చే ఉపన్యాసం కన్నా నలుగురి పక్కన కూర్చున్న గంట ఎక్కువ పనిచేస్తుంది.

అయిదో అడుగు: ఇండెంటు నుంచి ర్యాకు దాకా పుస్తకం ప్రయాణం

ఇండెంటు రాగానే కేటలాగ్‌లో ఉందో లేదో చూడాలి. పాత ముద్రణ ఉంటే ఆ మాట రాసి ఆచార్యుడికి తిప్పి పంపండి, కొత్త ముద్రణ కావాలో ఆయనే చెబుతారు. ఆర్డరు పత్రంలో ధర, రాయితీ, విదేశీ ధర అయితే ఏ తేదీ మారకపు రేటు వర్తిస్తుందో, ఎన్ని వారాల్లో రాకపోతే ఆర్డరు రద్దవుతుందో స్పష్టంగా ఉండాలి. మేం ఎనిమిది వారాలు పెట్టుకున్నాం. రద్దయిన ఆర్డర్ల డబ్బు వెంటనే తర్వాతి పుస్తకానికి మళ్లుతుంది.

తెలుగు పుస్తకాలకు ఈ పద్ధతి సరిపోదు. చాలావాటిని రచయితలే అచ్చువేసుకుంటారు, కొద్ది ప్రతులే ఉంటాయి, రెండేళ్లలో దొరకవు. కొటేషన్ అడిగేలోగా పుస్తకం మాయమవుతుంది. అందుకే డిసెంబరులో జరిగే హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, జనవరిలో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవాలకు ఇద్దరు అధ్యాపకులు, ఒక గ్రంథాలయ ఉద్యోగి వెళ్లి అక్కడికక్కడే కొనేలా ముందుగా కమిటీ తీర్మానం, అడ్వాన్సు తీసుకోండి. మా తెలుగు విభాగం సంపదలో సగం ఈ ప్రయాణాల్లో చేతిసంచుల్లో మోసుకొచ్చిందే.

పుస్తకం వచ్చాక, మొదట పుటలు తిప్పి చూడండి. ఖాళీ పుటలు, తలకిందుల ఫారాలు ఉంటే ముద్ర వేసేముందే తిప్పి పంపాలి, ముద్ర పడ్డాక ఎవరూ తీసుకోరు. తర్వాత యాక్సెషన్ నంబరు. శీర్షిక పుట వెనక, చివరి పుట, వాటితో పాటు ప్రతి గ్రంథాలయానికీ ఒక రహస్య పుట ఉంటుంది. ఏ పుస్తకంలోనైనా ఫలానా సంఖ్య పుట అడుగున నంబరు వేస్తారు. అట్టలు, మొదటి పుటలు చించేసినా, పాత పుస్తకాల దుకాణంలో దొరికినా ఆ పుట తిప్పితే మనదో కాదో తెలిసిపోతుంది. ఆ సంఖ్య సిబ్బందికి తప్ప ఎవరికీ తెలియకూడదు.

బిల్లు వెనక రాసే ధ్రువీకరణ: పుస్తకాలు మంచి స్థితిలో అందాయి, ఆర్డరుతో సరిపోయాయి, ధరలు సరిచూశాం, ఫలానా నంబరు నుంచి ఫలానా నంబరు దాకా రిజిస్టర్‌లో నమోదు చేశాం. ఇందులో ఏ ఒక్క మాట లేకపోయినా బిల్లు రెండు నెలలు తిరుగుతుంది. ధరకు రుజువుగా ప్రచురణకర్త కేటలాగ్ పుటను జతచేయండి. వచ్చిన పుస్తకం ఇరవై పని దినాల్లో ర్యాకు ఎక్కాలని గోడ మీద రాసుకోండి, విద్యార్థులకు కనిపించే గోడ మీద.

ఆరో అడుగు: కేటలాగ్‌లో తెలుగు పేర్లు

గ్రంథాలయం నడిపే సాఫ్ట్‌వేర్ ఏదైనా కావచ్చు. ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి సోల్ ఉంది, న్యూజిలాండ్‌లో పుట్టి 2000లో విడుదలైన, ఉచితంగా వాడుకోగల కోహా ఉంది. రెండూ మార్క్ 21 అనే ఉమ్మడి కేటలాగ్ పద్ధతిలో రికార్డులు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఎంపిక మీద ఏళ్ల తరబడి వాదించుకోవడం కన్నా లోపల రాసేది సరిగా రాయడం ముఖ్యం.

ఒకసారి మా కేటలాగ్‌లో విశ్వనాథ సత్యనారాయణ కోసం వెతికాను. ‘విశ్వనాథ’ అంటే కొన్ని పుస్తకాలు వచ్చాయి. ‘సత్యనారాయణ, విశ్వనాథ’ అంటే వేరే కొన్ని. ‘సత్యనారాయణ వి.’ అంటే ఇంకొన్ని. ఒకే ఇంట్లో ఆయన ముగ్గురు రచయితలయ్యారు. మన ఇంటిపేరు ముందు ఉంటుంది, పాశ్చాత్యులకు వెనక ఉంటుంది, ఒక్కో ఉద్యోగి తనకు తోచినట్టు రాశాడు. శ్రీశ్రీ పేరుతో కొన్ని, శ్రీరంగం శ్రీనివాసరావు పేరుతో కొన్ని. ఆరుద్ర ఒకచోట, భాగవతుల సదాశివశంకర శాస్త్రి మరోచోట.

దీనికి ప్రామాణిక నామాల పట్టిక తయారుచేయాలి. ఏ రూపాన్ని ప్రధానంగా తీసుకున్నా పట్టింపు లేదు. మిగిలిన రూపాలన్నీ దాని దగ్గరికే దారి చూపాలి. తెలుగు విభాగం నుంచి ఒక అధ్యాపకుడినో పరిశోధకుడినో కూర్చోబెట్టి ముందు మూడు వందల పేర్లు చేయండి. అవి పూర్తయితే వెతికేవారి ఇబ్బందిలో ఎక్కువ భాగం తీరిపోతుంది. అన్ని కంప్యూటర్లలో ఒకేలా పనిచేసే యూనికోడ్ రాకముందు అను ఫాంట్లలో టైపు చేసిన రికార్డులు వెతుకులాటకు దొరకవు, వాటిని మార్చుకోవాలి.

ర్యాకు దగ్గర ఇంకో చిక్కు. పుస్తకాలకు విషయాన్ని బట్టి అంకెలిచ్చే డ్యూయీ దశాంశ వర్గీకరణలో మన సాహిత్యమంతా 894.827 కింద ఇరుక్కుంది. కవిత్వం 894.8271, నాటకం 894.8272, కథలు, నవలలు 894.8273. వందలాది నవలల వెన్ను మీద ఒకే అంకె ఉంటే అటెండరు ఎక్కడ సర్దాలి? అంకె కింద రచయిత పేరులో మొదటి మూడు అక్షరాలు తెలుగులోనే వేయండి. ఇంగ్లీషు అక్షరాలతో వేస్తే త, ట ఒకటైపోతాయి, వరుస చెడుతుంది.

ఏడో అడుగు: కౌంటర్, పఠన మందిరం

అరువు నియమాలు ఒక పేజీకి మించకూడదు. ఎన్ని పుస్తకాలు, ఎన్ని రోజులు, ఆలస్య రుసుము ఎంత, పోతే ఏం చేయాలి. పుస్తకం పోగొట్టుకున్న విద్యార్థికి ముందు అదే పుస్తకం కొని ఇచ్చే అవకాశం ఇవ్వండి. బాకీ లేదని చెప్పే నో డ్యూస్ కాగితం కోసం చివరి రోజున వరుసలో నిలబెట్టి ఏడిపించకుండా, చివరి సెమిస్టర్ మొదట్లోనే బాకీల జాబితా విభాగాలకు పంపండి.

పఠన మందిరంలో ఈరోజు కూర్చున్నవారిలో చాలామంది మన పుస్తకం చదవడం లేదు. సొంత మెటీరియల్‌తో గ్రూప్స్‌కు, ఉపాధ్యాయ నియామక పరీక్షకు, కానిస్టేబుల్ ఉద్యోగానికి చదువుతున్నారు. వారిని బయటివారిలా చూసే ధోరణి నాకు నచ్చదు. హాస్టల్ గదిలో నలుగురి మధ్య, ఊళ్లో ఒకే గది ఇంట్లో చదవలేక ఇక్కడికి వచ్చారు. వారికి కావాల్సింది ఒక కుర్చీ, వెలుతురు, ఫ్యాను, మంచినీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి. సొంత పుస్తకాలతో చదివేందుకు విడిగా ఒక హాలు ఇవ్వండి, వీలైతే వేరే ద్వారంతో. అప్పుడు ర్యాకుల మధ్య రిఫరెన్స్ చూసుకునే పరిశోధకుడికీ చోటు మిగులుతుంది, సంచుల తనిఖీ గొడవా తగ్గుతుంది.

ఉదయం ఆరింటికే సంచి పెట్టి చోటు పట్టుకుని మధ్యాహ్నం దాకా రాకపోవడం ప్రతిచోటా ఉన్న తగువు. మేం విద్యార్థులనే పిలిచి నియమం రాయమన్నాం. నలభై నిమిషాలు ఖాళీగా ఉంటే సంచిని కౌంటర్‌కు చేర్చవచ్చని వారే రాశారు, వారే పాటించారు. రాత్రి వేళ పెంచేముందు అమ్మాయిలు హాస్టల్‌కు ఎలా చేరతారో చూడండి. దారిలో దీపాలు, గేటు దగ్గర కాపలా, హాస్టల్ వార్డెన్‌తో రాతపూర్వక ఒప్పందం లేకుండా రాత్రి పదకొండు దాకా తెరిస్తే, అది అబ్బాయిలకు మాత్రమే తెరిచినట్టు.

కంటిచూపు లేని విద్యార్థులకు ఒక కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ లాంటి తెర చదివే సాఫ్ట్‌వేర్ పెట్టండి. వారి కోసం పుస్తకాన్ని చదవగలిగే రూపంలోకి మార్చడానికి మన కాపీరైట్ చట్టం 2012 సవరణ నుంచి అనుమతిస్తోంది. ఇందుకు సంబంధించిన మరకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో మొదట ధ్రువీకరించింది మన దేశమే. అడగడానికి వచ్చేదాకా ఆగకుండా ప్రవేశాల జాబితా చూసి మీరే పిలవండి.

ఎనిమిదో అడుగు: స్టాక్ వెరిఫికేషన్ (ఉన్న పుస్తకాల తనిఖీ)

మొదట్లో చెప్పిన బీరువా తాళం తెరుచుకునేది ఇక్కడ.

కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి 2017లో 215వ నియమం ఉంది. 20,000 సంపుటాల దాకా ఉన్న గ్రంథాలయంలో ప్రతి ఏటా పూర్తి తనిఖీ. 20,000 దాటి 50,000 దాకా అయితే మూడేళ్లకు ఒకసారి పూర్తి తనిఖీ. 50,000 దాటితే మూడేళ్లకు మించని వ్యవధిలో నమూనా తనిఖీ చాలు, అందులో అసాధారణమైన లోటు కనబడితేనే మొత్తం చూడాలి. ఆ తర్వాతి వాక్యం ప్రతి గ్రంథాలయ ఉద్యోగీ కంఠస్థం చేయాల్సింది: ఏడాదిలో అరువిచ్చిన, అక్కడే చదివిన పుస్తకాల్లో వెయ్యికి అయిదు పోవడాన్ని సహజ నష్టంగా తీసుకోవచ్చు, అందులో మోసం, నిర్లక్ష్యం లేనంతవరకు. వెయ్యి రూపాయలకు మించిన ధర ఉన్న పుస్తకం, ధరతో నిమిత్తం లేకుండా అరుదైన పుస్తకం పోతే మాత్రం తప్పక విచారించాలి.

ఇది కేంద్ర నియమం. రాష్ట్ర విశ్వవిద్యాలయానికి దానంతటది వర్తించదు. అందుకే మూడో అడుగులో పాలక మండలి తీర్మానం గురించి అంతగా చెప్పాను. ఈ నియమాన్నే మా విశ్వవిద్యాలయం అనుసరిస్తుందని ఒక్క తీర్మానం చేయించుకుంటే ఆడిటర్ ముందు పెట్టడానికి కాగితం ఉంటుంది.

ఇప్పుడు ఆ వాక్యాన్ని మళ్లీ చదవండి. అరువిచ్చినవే కాదు, అక్కడే చదివినవి కూడా లెక్కలోకి వస్తాయి. ఏడాదికి 30,000 పుస్తకాలు ఇళ్లకు వెళితే 150 దాకా సహజ నష్టం. హాల్లో చదివినవి మరో 30,000 అని మీ దగ్గర నమోదై ఉంటే అది 300. నమోదు లేకపోతే లేనట్టే. సాయంత్రం బల్లల మీద మిగిలిన పుస్తకాలను లెక్కపెట్టమన్నది ఇందుకే. కోహాలో అయితే ఇంకా సులువు. అరువులో లేని పుస్తకాన్ని వాపసు తెర మీద స్కాన్ చేస్తే అది స్థానిక వాడకంగా నమోదయ్యే అమరిక ఉంది. అటెండరు బల్లల మీది పుస్తకాలను సర్దేముందు ఒకసారి స్కాన్ చేస్తే చాలు.

పుస్తకం ఎంత ఎక్కువ చేతులు మారితే ఉద్యోగికి అంత రక్షణ. నియమం ఉన్నది తెరిచిన ర్యాకు వైపే. ఈ లెక్కను మా సిబ్బంది సమావేశంలో బోర్డు మీద వేసి చూపించిన మర్నాడు, రెండు అద్దాల బీరువాలను మా సహోద్యోగి ఒకరు తానుగా తెరిచారు.

తనిఖీ ఎలా చేయాలి? వేసవి సెలవుల్లో పెట్టుకోండి, కానీ హాలు మూయకండి. నెల ముందు అధ్యాపకుల దగ్గరున్న పుస్తకాలు తెప్పించండి, అతి పాత బాకీలు అక్కడే ఉంటాయి. ఇద్దరిద్దరు జట్లుగా ఒక్కో ర్యాకు తీసుకోవాలి. ఒకరు పుస్తకం తీసి, తుడిచి, రహస్య పుటతో నంబరు సరిచూసి స్కాన్ చేయాలి, రెండోవారు వెన్ను మీది అంకె, చిరుగులు చూసి బైండింగ్‌కు వెళ్లాల్సినవి పక్కన పెట్టాలి. ఎవరు రోజూ సర్దుతారో వారి ర్యాకు వారికి ఇవ్వకండి. స్కాన్ చేసిన నంబర్లను సాఫ్ట్‌వేర్‌లో వేస్తే కనబడనివాటి జాబితా వస్తుంది. దాన్ని చూసి కంగారు పడకండి. మా అనుభవంలో మొదటి జాబితాలో మూడో వంతు పుస్తకాలు తప్పు ర్యాకులో, బైండింగ్ మూటలో, విభాగ గ్రంథాలయంలో, ఒకసారైతే పాత రిజిస్ట్రార్ గది అల్మరాలో దొరికాయి. రెండు నెలల తేడాతో రెండుసార్లు వెతికాకే తుది జాబితా చేయాలి.

తుది జాబితాను మూడుగా విడదీయండి: సహజ నష్టం పరిధిలోవి, వెయ్యి రూపాయలు దాటినవి, అరుదైనవి. మొదటిది కమిటీ సిఫారసుతో రద్దుకు వెళ్తుంది. మిగిలిన రెండింటికీ విచారణ నోటు, చివరిసారి ఎప్పుడు ఎవరికిచ్చాం, ఎక్కడెక్కడ వెతికాం అన్న వివరాలతో. రద్దయిన పుస్తకానికి యాక్సెషన్ రిజిస్టర్‌లో ఎర్ర సిరాతో తీర్మానం నంబరు, తేదీ రాయాలి. నంబరును మళ్లీ ఇంకో పుస్తకానికి వాడకూడదు.

తొమ్మిదో అడుగు: వాన, చెదలు, కంప్యూటర్ డేటా

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు విశ్వవిద్యాలయ ప్రాంగణాలు కూడా దెబ్బతిన్నాయి. తీర ప్రాంతంలో ఉన్నవారు సెప్టెంబరులోపు కిటికీల గడియలు, పైకప్పు కాలువలు చూసుకోవాలి. ఎక్కడివారైనా అడుగు అరను నేల నుంచి ఆరంగుళాలు ఎత్తున పెట్టండి, ర్యాకును గోడకు ఆనించకండి, చెదలు గోడ మీదుగానే ఎక్కుతాయి. తడిసిన పుస్తకానికి రెండు రోజుల్లో బూజు పడుతుంది. ఎండలో పెట్టకుండా, పుటల మధ్య తెల్ల కాగితాలు పెట్టి ఫ్యాను కింద నిలబెట్టి ఆరబెట్టాలి. డేటాబేస్ నకలు రోజూ తీసి ఇంకో భవనంలో ఉంచండి, నెలకొకసారి ఆ నకలు తెరుచుకుంటోందో లేదో చూడండి.

పదో అడుగు: పరిశోధన గ్రంథాలు

పీహెచ్‌డీ పట్టా ప్రకటించేలోపు సిద్ధాంత గ్రంథం ఎలక్ట్రానిక్ ప్రతి ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు, అంటే దాని సిద్ధాంత గ్రంథాల భండారమైన శోధ్‌గంగకు చేరాలని యూజీసీ నిబంధన. పరీక్షల విభాగంతో మాట్లాడి, గ్రంథాలయ రసీదు లేకుండా ఫైలు కదలకుండా ఏర్పాటు చేసుకోండి. ఇతరుల రాతలతో ఎంత కలుస్తోందో చూసే పోలికల తనిఖీలో 2018 యూజీసీ నిబంధనల ప్రకారం 10 శాతం దాకా చర్య ఉండదు. ఆ అంకెను చివరి రోజున చెప్పి పరిశోధకుడిని బెదరగొట్టకుండా, మొదటి అధ్యాయం రాసినప్పుడే ఉటంకించడం ఎలాగో నేర్పండి.

పదకొండో అడుగు: నివేదిక, చార్జి అప్పగింత

విద్యాసంస్థల నాణ్యతను అంచనా వేసే న్యాక్, వాటికి ర్యాంకులిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ఏటా అడిగే అంకెలు దాదాపు ఒకటే: కొనుగోళ్ల ఖర్చు, వాడకం, ఎలక్ట్రానిక్ వనరులు. వాటి కోసం ప్రతిసారీ హడావిడి పడకుండా నెల నెలా ఒక పేజీ నింపుకుంటే ఏప్రిల్‌లో నివేదిక దానంతటదే తయారవుతుంది. అందులో ఏడాదిలో ఒక్కసారైనా కదలని పుస్తకాలు ఏ విషయంలో ఎన్నో కూడా రాయండి. వచ్చే ఏడాది కేటాయింపులకు అంతకు మించిన ఆధారం దొరకదు.

పదవీ విరమణ రోజున గ్రంథాలయ ఉద్యోగికే నో డ్యూస్ దొరకని సందర్భాలు చూశాను. ముప్పై ఏళ్ల కిందట ఎవరో పోగొట్టిన పుస్తకాలు చివరగా చార్జిలో ఉన్నవారి మెడకు చుట్టుకుంటాయి. కాబట్టి చార్జి ఫైలు చేరిన రోజే తెరవండి. అందులో ఉండాల్సినవి: మీరు చేరిన తేదీకి యాక్సెషన్ చివరి నంబరు, అప్పటికి తనిఖీలో తేలిన లోటు, ప్రతి తనిఖీ నివేదిక, రద్దు తీర్మానాల నకళ్లు, అరుదైన పుస్తకాల విడి జాబితా, సాఫ్ట్‌వేర్ పాస్‌వర్డ్‌లు ఉంచిన మూసిన కవరు, నడుస్తున్న ఆర్డర్ల స్థితి, ఏ తాళంచెవి ఎవరి దగ్గర ఉందో తెలిపే పట్టిక. ప్రతి తాళానికీ రెండో చెవి ఉండాలి, అది కౌంటర్‌లోనే ఉండాలి, సెలవులో ఎవరున్నా కౌంటర్‌లో కూర్చున్న మనిషి ఆ బీరువా తెరిచి పుస్తకం తీసి ఇవ్వగలగాలి.